ఆ గడి ఖాళీగా వదిలేశాను, ఇప్పుడు ఏం చేయను?

ఈ వారం ఉత్తరం కోస్తా జిల్లాలోని ఒక మున్సిపాలిటీ నుంచి వచ్చింది. రాసినవారు వార్డు సచివాలయంలో పారిశుద్ధ్య, పర్యావరణ కార్యదర్శి. వయసు ఇరవై తొమ్మిది. పేరు, ఊరు తెలియకుండా కొన్ని వివరాలు మార్చి, ఉత్తరంలోని ముఖ్య భాగాన్ని ఇక్కడ చెబుతున్నాను.

ఎనిమిది నెలల క్రితం ఆమెను మున్సిపాలిటీ కబేళా ఉన్న వార్డుకు మార్చారు. అక్కడ మామూలు రోజుల్లో నలభై వరకు, ఆదివారం రెండు వందల వరకు మేకలు, పొట్టేళ్లు కోస్తారు. నెలకోసారి అక్కడి పరిస్థితిపై ఆమె నివేదిక ఇవ్వాలి. ప్రొఫార్మాలో ‘వ్యర్థాల తొలగింపు’ అనే గడి ఉంది. పాత నివేదికలన్నింటిలో ఆ గడిలో ఒకే మాట: ‘సక్రమంగా ఉంది.’

ఆమె తెల్లవారుజామున నాలుగున్నరకు వెళ్లి చూశారు. కోసిన చోటనే పైపు పెట్టి నేల కడుగుతున్నారు. నెత్తురు, పొట్టలోని పేడ, పేగుల ముక్కలు అన్నీ ఒకే కాలువలో పడి, ప్రహరీ గోడ కింది తూము గుండా వెనక ఉన్న పంట కాలువలోకి పోతున్నాయి. ఆ నీటిని శుద్ధి చేయడానికి ఒకప్పుడు కట్టిన ట్యాంకు మట్టితో నిండిపోయింది. అందులో జిల్లేడు మొక్క నడుమెత్తు పెరిగి, పూలు పూసి ఉంది. కోళ్ల దుకాణాల వ్యర్థాలు తీసుకెళ్లే కాంట్రాక్టరు బండి ఎక్కడికి వెళుతుందో రాతపూర్వకంగా ఎక్కడా లేదు. చేపల చెరువులకు పోతోందని అందరూ అనుకుంటున్నారు.

గత రెండు నెలలుగా ఆమె ఆ గడిని ఖాళీగా వదిలి పంపుతున్నారు. పై అధికారి పిలిచి, "నీకు ముందున్న వాళ్లంతా సంతకం చేశారు. కాలుష్య నియంత్రణ మండలి వాళ్లు వచ్చి తాళం వేస్తే ఆదివారం ఊరికి సమాధానం నువ్వు చెబుతావా?" అన్నారట. కబేళా వెనక వీధివాళ్లు దుర్వాసన మీద అర్జీ తెచ్చారు. అందులో మాంసం వృత్తివాళ్ల కులాన్ని, మతాన్ని కించపరిచే మాటలు ఉన్నాయి.

అసలు చిక్కు ఇక్కడ ఉంది. ఆమె నాన్నగారు చనిపోయే వరకు మటన్ కొట్టు నడిపారు. చిన్నాన్న ఇప్పటికీ అదే కబేళాలో కోస్తారు. ఆమె డిగ్రీ ఫీజులు కట్టింది ఆయనే. సంగతి తెలిసి, "నీ చదువు ఆ నెత్తుటి నేల మీదనే సాగిందమ్మా. ఇప్పుడు నీ సంతకంతోనే మా ఇరవై కుటుంబాలు రోడ్డున పడాలా?" అన్నారట. భర్త సంతకం చేసేయమంటున్నారు. అమ్మ బదిలీ పెట్టుకోమంటోంది. "నేను ఎవరి పక్షం?" అని ఆమె అడుగుతున్నారు.

*

అమ్మా, మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది ఆ ఖాళీ గడి. అబద్ధం రాయలేక వదిలేశారు. మీకు ముందు అక్కడ కూర్చున్నవారు ఎవరూ ఆ మాత్రం కూడా చేయలేదు. కానీ ఖాళీ గడి మిమ్మల్ని కాపాడదు. రేపు ఎవరైనా అందులో రెండు పదాలు రాసేస్తే, కింద ఉన్నది మీ సంతకమే. ఆ గడిలో మీరు కళ్లారా చూసినదే ఉండాలి. ‘ఫలానా తేదీ ఉదయం 4.30 నుంచి 5.40 వరకు పరిశీలించాను. కోత నేల నుంచి వచ్చే రక్తం, కడిగిన నీరు తూము ద్వారా పంట కాలువలో కలుస్తున్నాయి. శుద్ధి ట్యాంకు మట్టితో నిండి పనిచేయడం లేదు. ఫొటోలు జతపరిచాను.’ ఇంతే. ఎవరినీ నిందించకండి, విశేషణాలు వాడకండి. ‘దారుణం’, ‘నిర్లక్ష్యం’ లాంటి మాటలు వస్తే అది అభిప్రాయమని తోసిపుచ్చడం సులువు. తూము ఉందా లేదా అన్నది మాత్రం ఎవరు వెళ్లి చూసినా తేలిపోతుంది.

ఇక మీ చిన్నాన్నగారి మాట. ఆయన బాధ నిజమైనదే, కానీ ఆయన ఒక నేరాన్ని అనవసరంగా తన నెత్తిన వేసుకుంటున్నారు. ఆ కబేళా ఆయనది కాదు, మున్సిపాలిటీది. రాజ్యాంగం పన్నెండో షెడ్యూలులో పట్టణ స్థానిక సంస్థలకు అప్పగించదగిన పనుల జాబితా ఉంది. అందులో 18వది, చిట్టచివరిది, కబేళాల నియంత్రణ. జల కాలుష్య నివారణ చట్టం, 1974 కింద కాలుష్య నియంత్రణ మండలి అనుమతి తీసుకోవలసింది కబేళాను నడిపేవారు, అంటే మీ మున్సిపాలిటీ. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి కబేళాలను ఎరుపు విభాగంలో, అంటే కాలుష్యం ఎక్కువగా ఉండే పరిశ్రమల వరుసలో పెట్టింది. 2001 నాటి కబేళా నిబంధనల్లో రక్తాన్ని వెంటనే, సక్రమంగా సేకరించాలని స్పష్టంగా ఉంది. రోజుకు పది, అంతకంటే ఎక్కువ జీవాలను కోసే చోట ఆ నిబంధనలు వర్తిస్తాయి, మీ కబేళా ఆ లెక్కను ఎప్పుడో దాటింది. ట్యాంకులో మట్టి తీయించవలసింది, తూము మూయించవలసింది కత్తి పట్టినవారు కాదు. మీ నివేదిక తూము గురించి, ట్యాంకు గురించి మాట్లాడినంత కాలం అది చిన్నాన్నగారి మీద ఫిర్యాదు కాదు. ఆయన ఇన్నేళ్లుగా అక్కడ పనిచేస్తూ పొందవలసిన సౌకర్యం గురించిన ఫిర్యాదు.

‘నిధులు లేవు’ అని మీ అధికారి తప్పకుండా అంటారు. 1980లో మధ్యప్రదేశ్‌లోని రత్లాం మున్సిపాలిటీ సుప్రీంకోర్టులో ఇదే చెప్పింది. బహిరంగ మురుగుతో విసిగిపోయిన అక్కడి ప్రజలు మేజిస్ట్రేటును ఆశ్రయించారు. వ్యవహారం పైకోర్టుకు వెళ్లింది. జస్టిస్ కృష్ణయ్యర్, మన తెలుగువాడైన జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి ఉన్న ధర్మాసనం, డబ్బు లేదన్న కారణంతో మున్సిపాలిటీ ప్రజారోగ్య బాధ్యత నుంచి తప్పుకోలేదని తేల్చింది. ఈ తీర్పు పేరు మీ అధికారికి గుర్తుచేసినా తప్పు లేదు, కాస్త మర్యాదగా.

అయితే మీ అధికారి భయాన్ని కూడా తీసిపారేయకండి. జల చట్టం కింద కాలుష్య మండలి ఒక సంస్థను మూసేయమని, కరెంటు ఆపమని ఆదేశించగలదు. అలా కబేళా మూతపడిన చోట మాంసం తినడం ఆగదు. కోత ఇళ్ల వెనక్కి, సందుల్లోకి పోతుంది. అప్పుడు ఒక్క తూము బదులు యాభై మురుగు కాలువల్లో నెత్తురు పారుతుంది, పశువైద్యుడు పరీక్షించిన జీవమేదో పరీక్షించనిదేదో తెలియకుండా పోతుంది. కాబట్టి మూతపడితే జరిగేది మేలు కాదన్న ఆయన మాటలో నిజం ఉంది. కానీ దాచిపెడితే మూత తప్పుతుందన్న మాటలో నిజం లేదు. లోపాన్ని మీరే గుర్తించి, సరిచేసే పని మొదలైందని ఫైలులో ఉన్న కబేళాకు గడువు అడిగే అవకాశం ఉంటుంది. ‘సక్రమంగా ఉంది’ అని ఏళ్ల తరబడి రాసి ఉన్న చోట ఒక రోజు ఎవరో వచ్చి తూమును ఫొటో తీస్తే, అడగడానికి ఏమీ మిగలదు.

మీకు ఒక లెక్క చెబుతాను, మీ అధికారికి ఇది నచ్చవచ్చు. ఒక పొట్టేలు నుంచి కారే నెత్తురు సుమారు లీటరున్నర. నలభై జీవాలకు అరవై లీటర్లు. దాన్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు నీటిలోని ఆక్సిజన్‌ను లాగేసుకుంటాయి. ఆ లాగే శక్తిని జీవరసాయన ఆక్సిజన్ అవసరం అంటారని మీరు చదువుకున్నారు. ఇంటి మురుగులో అది లీటరుకు రెండు మూడు వందల మిల్లీగ్రాములు ఉంటే, పచ్చి నెత్తురులో లక్షన్నర దాటుతుంది. అంటే ఆ అరవై లీటర్లు కాలువకు మోపే భారం దాదాపు రెండు వందల మంది ఒక రోజు మురుగుతో సమానం. ఆదివారమైతే వెయ్యి మందిది. ఇదే అరవై లీటర్లు, నీళ్లు తగలకముందు పట్టుకుంటే, ఒక నూనె డ్రమ్ములో మూడో వంతు కూడా నిండదు!

అందుకే కోట్ల రూపాయల శుద్ధి కేంద్రం వచ్చేదాకా ఏమీ చేయలేమన్న మాటను నేను ఒప్పుకోను. పైపు తిప్పకముందే నెత్తురును పళ్లేల్లో పట్టి డ్రముల్లోకి చేర్చడం, పొట్టలు విప్పినప్పుడు వచ్చే పేడను తడపకుండా పారతో ఎత్తి కంపోస్టు గుంతకు పంపడం, కాలువ నోటికి ఇనుప జల్లెడ బిగించడం, ఆ ట్యాంకులో మట్టి తోడించడం. వీటిలో ఏ ఒక్కటీ పెద్ద టెండరు పని కాదు. నిజానికి మేక, పొట్టేలు కోతలో పారేసేది తక్కువే. తలకాయ, కాళ్లు, కార్జం, బోటి, నల్ల అన్నీ అమ్ముడవుతాయి, తోలు వ్యాపారి పట్టుకెళతాడు. మిగిలేది పేడ, కొంత నెత్తురు, పనికిరాని అవయవాలు, కడిగిన నీరు. పేడకు, సేకరించిన నెత్తురుకు ఒక చిన్న బయోగ్యాస్ తొట్టి చాలా చోట్ల సరిపోతుంది. ట్యాంకు, తొట్టి ఎంత పెద్దవి ఉండాలో మున్సిపల్ ఇంజినీరు చెప్పాలి. ఆ ప్రశ్నను మీ నివేదికలోనే అడగండి.

చిన్నాన్నగారి విషయంలో ఒక మాట మిగిలి ఉంది, అది మీరు దాటవేయకూడదు. తూము ఆయనది కాదు, నిజమే. కానీ పొట్టేలు ఊపిరితిత్తుల్లో, కార్జంలో అప్పుడప్పుడు నీటి తిత్తులు కనిపిస్తాయి. తెల్లగా, బిగుతుగా, చిన్న నిమ్మకాయంత. కోసేవారికి అవి బాగా తెలుసు. సాధారణంగా వాటిని కోసి పక్కన కాచుకుని ఉన్న కుక్కలకు విసురుతారు. ఆ తిత్తిలో ఉన్నది ఒక బద్దెపురుగు పిల్ల దశ. కుక్క పేగులో అది పెద్దదై గుడ్లు పెడుతుంది. కుక్క మలంతో బయటపడిన ఆ గుడ్లు చేతులకు, ఆకుకూరలకు అంటుకుని మనిషి కడుపులోకి చేరితే, మనిషి కార్జంలోనూ ఊపిరితిత్తుల్లోనూ అదే తిత్తి పెరుగుతుంది. దాన్ని తీయడానికి చాలాసార్లు ఆపరేషన్ చేయాలి. ఈ వలయం తెగేది ఏ అధికారి దగ్గరా కాదు, ఆ విసిరే చేతి దగ్గర. తిత్తులున్న ముక్కల కోసం మూత ఉన్న ఒక డబ్బా, దాన్ని పశువైద్యుడు చూశాక లోతైన గుంతలో పూడ్చే ఏర్పాటు ఉంటే చాలు. ఇది మీరు అధికారిగా చెబితే ఆయనకు కష్టం కలుగుతుంది. ఇంట్లో, అన్నం తిన్నాక, కూతురిగా చెప్పండి. ఆ కుక్కల మధ్య రోజూ తిరిగేది ఆయనా, ఆయన పిల్లలే.

ఇప్పుడు మీ ముందున్న దారులు చూద్దాం.

మొదటిది, మీ భర్త చెప్పినట్టు సంతకం చేయడం. నెల గడుస్తుంది, ఇంట్లో ప్రశాంతంగా ఉంటుంది. కానీ చూసి కూడా తప్పుడు రికార్డు రాసిన ఉద్యోగి మీద శాఖాపరమైన చర్య మాత్రమే కాదు, ఎవరినైనా కాపాడే ఉద్దేశంతో అలా రాశారని తేలితే క్రిమినల్ కేసుకు కూడా ఆస్కారం ఉంది. అప్పుడు ‘అందరూ చేశారు’ అన్న మాట ఎవరికీ పనికి రాదు. పై అధికారి నోటితో చెప్పింది మీ దగ్గర రాతలో లేదు. ఆయన మళ్లీ అడిగితే, కోపం లేకుండా, "ఆ ఆదేశం రాసి ఇవ్వండి సార్, ఫైలులో పెడతాను" అనండి. చాలా సంభాషణలు అక్కడితో ముగుస్తాయి.

రెండోది బదిలీ. దీన్ని పిరికితనమని నేను అనను. సొంత బంధువు పనిచేసే చోట తనిఖీ చేయడం మీకు మంచిది కాదు, ఆయనకూ మంచిది కాదు. రేపు మీ నివేదిక ఎటు ఉన్నా, ఎవరో ఒకరు ‘బంధుత్వం’ అంటారు. ఆ సంగతిని ముందుగా మీరే కమిషనరుకు ఒక చిన్న లేఖలో తెలియజేయండి. నివేదికపై పశువైద్యాధికారి కూడా సంతకం చేసేలా చూడమని కోరండి. తర్వాత బదిలీ వచ్చినా రాకపోయినా మీ మీద మాట రాదు. ఒకవేళ వెళ్లిపోతే, మీ తర్వాత వచ్చేవారికి ఆ గడిలో నిజం రాసి ఉన్న ఒక్క నివేదికైనా వదిలి వెళ్లండి.

మూడోది, నేను మీ స్థానంలో ఉంటే పట్టుకునే దారి. నిజం రాసిన నివేదికను ఫొటోలతో ఇన్‌వార్డులో, అంటే ఆఫీసుకు వచ్చే కాగితాలను నమోదు చేసే చోట ఇచ్చి, నంబరు తీసుకుని, ఒక నకలు మున్సిపల్ ఆరోగ్యాధికారికి, ఒకటి కమిషనరుకు పంపడం. కోళ్ల వ్యర్థాల సంగతి కూడా అందులోనే అడగండి: కాంట్రాక్టరు రోజూ ఎన్ని కిలోలు ఎత్తుతున్నారు, ఎక్కడ దింపుతున్నారు, తూకం చీటీ ఉందా? చేపల చెరువుల్లో కోళ్ల వ్యర్థాలు వేయడం మన దగ్గర నిషిద్ధం. కొల్లేరు చుట్టుపక్కల అధికారులు ఇలాంటి బండ్లను ఎన్నోసార్లు పట్టుకున్నారు. ఆ మేత మీద ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్‌ను కూడా పెంచుతారు, దాని పెంపకాన్ని 2000లోనే దేశమంతా నిషేధించారు. అయితే అర్ధరాత్రి ఆ బండి వెనక మీరు ఒంటరిగా వెళ్లకండి. అందులో డబ్బు ఉంది, డబ్బు ఉన్న చోట మనుషులు ఎలా మారతారో మీకు చెప్పనక్కర లేదు. రాతపూర్వకంగా చీటీ అడగడం వెంబడించడం కంటే గట్టి పని.

ఈ దారిలో మీకు నష్టం లేదని చెప్పను. పనికిరాని వార్డుకు పంపవచ్చు, సెలవు అడిగితే సతాయించవచ్చు, కొన్నాళ్లు మీతో కలిసి టీ తాగేవారు తగ్గుతారు. చిన్నాన్నగారి ఇంట్లో పండక్కి పిలుపు ఆలస్యం కావచ్చు. ఇవన్నీ భరించగలరా లేదా అన్నది మీరు, మీ భర్త కూర్చుని మాట్లాడుకోవలసిన విషయం. ఆయన సంతకం చేయమన్నది మీకేమవుతుందోనన్న భయంతో కావచ్చు, ఆ భయం ఏమిటో అడగండి.

నాలుగోది బయటి దారి: కాలుష్య మండలి, సోమవారం కలెక్టరేటులో అర్జీ, ఆర్డీఓ ముందు ప్రజా ఉపద్రవం కేసు, పర్యావరణ కేసులు విచారించే జాతీయ హరిత ట్రిబ్యునల్ చెన్నై ధర్మాసనం. ఇందులో మీరు ముందు నిలబడకండి. మీరు ప్రవర్తనా నియమావళికి లోబడిన ఉద్యోగి. ఫైలు కాగితాలు పత్రికలవారి చేతిలో పెడితే, తూము మాట మరుగున పడి మీ మాటే మిగులుతుంది. ఆ దారి వీధివాళ్లది. ట్రిబ్యునల్‌కు పరిహారం కోరకుండా వెళితే రుసుము వెయ్యి రూపాయలే, వకీలు లేకుండానూ వాదించుకోవచ్చు, కానీ కారణం ఏర్పడిన ఆరు నెలల్లోగా వెళ్లాలి. అంతకంటే ముందు వాళ్లకు అందుబాటులో ఉన్నది సమాచార హక్కు చట్టం. పది రూపాయలు కట్టి మీ నివేదిక నకలు అడిగితే ముప్పై రోజుల్లో ఇవ్వాలి. ఆ రోజు వాళ్ల చేతికి వచ్చే కాగితంలో ఆ గడిలో ఏముంటుందో నిర్ణయించేది ఇప్పుడు మీరే.

ఆ అర్జీ సంగతి. వీధివాళ్లకు దుర్వాసన నిజం, ఈగలు నిజం, మీరు వాళ్ల బాధను తోసిపుచ్చలేరు. కానీ అందులోని కులం మాటలు మీ ఇంటికి తగిలాయని ఉత్తరంలో మీరు రాసిన ఒక్క వాక్యం చదివి నాకూ కళ్లు చెమర్చాయి. ఆ అర్జీ తిప్పి పంపండి. ‘ట్యాంకు పునరుద్ధరించాలి, తూము మూసేయాలి, కబేళాకు కాలుష్య మండలి అనుమతి ఉందో లేదో తెలపాలి’ అని మూడు ముక్కలు రాసి తీసుకురమ్మనండి. అలా రాస్తే ఇన్‌వార్డు నంబరు మీ చేతులతో వేసి ఇవ్వండి. ఆ మాటలతోనే ఉంచుతామంటే అది పారిశుద్ధ్యం అర్జీ కాదని మొహం మీదే చెప్పండి. మాంసం తినేవాళ్లు ఆ వీధిలోనూ ఉన్నారు.

చిన్నాన్నగారితో మాట్లాడడానికి వెళ్లినప్పుడు మీ నివేదిక సంగతితో మొదలుపెట్టకండి. ఆయన అక్కడ ఎన్నేళ్లుగా పనిచేస్తున్నారో మీరు రాయలేదు కానీ, మీ నాన్నగారితో కలిసి మొదలుపెట్టి ఉంటారు. ఆ ట్యాంకు కట్టినప్పుడు బహుశా ఆయన చూసి ఉంటారు. అది చివరిసారి ఎప్పుడు పనిచేసిందో, మట్టి ఎప్పటి నుంచి పూడిందో, అప్పట్లో నెత్తురు ఎవరు పట్టేవారో అడగండి. ఆయన చెప్పే సంవత్సరం ఏ ఫైలులోనూ ఉండదు. ఆయన ఒప్పుకుంటే, పేరు లేకుండా, ‘ఇక్కడ దీర్ఘకాలంగా పనిచేస్తున్నవారు తెలిపిన ప్రకారం’ అని ఆ గడిలో రాయండి.